నైరుతి తలుపు

ఫైర్ స్టేషన్‌లో ఉద్యోగం వచ్చిందనగానే మా వీధిలో అందరూ నేను నీళ్ళ గొట్టం భుజాన వేసుకుని మంటల్లోకి దూకుతాననే అనుకున్నారు. నిజం చెప్పాలంటే నా శిక్షణలో సగం రోజులు తలుపులు లెక్కపెట్టడంతోనే సరిపోయాయి. ఏ బడికి ఎన్ని తలుపులున్నాయి, ఏ ఆసుపత్రి మెట్ల కింద పాత మంచాలు కుక్కారు, ఏ సినిమా హాల్లో పక్క తలుపుకి తాళం వేశారు, ఆ తాళంచెవి పట్టుకుని టీ తాగడానికి పోయిన మనిషి ఎప్పుడొస్తాడు. ఇదీ పని.

"గ్యాస్ పొయ్యి వెలిగించడానికి లైటరు నాలుగుసార్లు నొక్కి, వెలగ్గానే ఒకడుగు వెనక్కేసే పిల్లవి. నువ్వు మంటలార్పుతావంటే మేం నమ్మాలా?" అంది ఎదురింటి పిన్ని.

నాకు నోరెక్కువ. "భయపడేవాళ్ళకే పిన్నీ ఈ ఉద్యోగం ఇస్తారు. భయం లేనివాళ్ళ మూలంగానే కదా అంటుకునేది" అన్నాను. అప్పుడు గొప్ప కోసం అన్న మాటే అది. తర్వాత చూస్తే నిజమే.

మొదటి విడత శిక్షణ ఊరికి దూరంగా జరిగింది. తెల్లారేసరికి పరుగు, తర్వాత కవాతు, ఆ తర్వాత నిచ్చెన. చుట్టిన హోసును ఒక్క విసురుతో నేలమీద తిన్నగా పరవాలి. నేను విసిరితే అది తిన్నగా పోవడం మానేసి పక్క వరసలో వాళ్ళ కాళ్ళకి చుట్టుకునేది. మనిషిని భుజాన వేసుకుని మోసే పరీక్షలో నా వంతుకి వచ్చింది మా బ్యాచ్‌లోకెల్లా బొద్దుగా ఉండే అమ్మాయి. "నేను ఊపిరి బిగపడతాలేవే, తేలికవుతాను" అని నా వీపు మీద నుంచి ధైర్యం చెప్పింది పాపం. ఇద్దరం నవ్వి నవ్వి కిందపడ్డాం. మళ్ళీ మొదటి నుంచి చేయించారు.

రెండో విడత ఏదో ఒక స్టేషన్‌లో ఉండి పని నేర్చుకోవాలి. సొంత ఊళ్ళో పోస్టింగ్ ఇవ్వరు గానీ, ఈ కొద్ది నెలలకి అంత పట్టింపు లేదన్నారు. నాకు మా తిరువూరే పడింది. మొదటిరోజు నాన్న తన మోపెడ్ మీద నన్ను స్టేషన్ దగ్గర దింపి, గేటు దగ్గర కూర్చున్నాయనతో "మా అమ్మాయండి. ఆఫీసరు" అన్నాడు. "ట్రైనీని నాన్నా" అని గొణిగాను. "అదే, ట్రైనీ ఆఫీసరు" అని ఇంకాస్త గట్టిగా చెప్పాడు. సిగ్గుతో చచ్చిపోయాను. లోలోపల బాగానే ఉంది.

మా నాన్న తాపీమేస్త్రి. తిరువూరులోనూ, ఇటు విస్సన్నపేట నుంచి అటు పెనుగొలను దాకానూ ఆయన చెయ్యిపడ్డ గోడలు చాలా ఉన్నాయి. ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చుంటాడు, సంఘపెద్ద. సోమవారం పనిలోకి దిగాడంటే మాత్రం ఈశాన్యం, ఆగ్నేయం, నైరుతి అని మొదలుపెడతాడు. "నాన్నా, బైబిల్లో నైరుతి ఎక్కడుంది?" అని చిన్నప్పుడు అడిగేదాన్ని. "కట్టించుకునేవాళ్ళ మనసులో ఉందమ్మా. వాళ్ళకి నిద్ర పట్టాలి కదా" అనేవాడు. ఏళ్ళ తరబడి ఊరికి చెప్పీ చెప్పీ చివరికి ఆయనకే నమ్మకం కుదిరిపోయింది.

స్టేషన్‌లో నాకు పని నేర్పింది అక్కడి ఆఫీసరు గారు. మేమంతా సార్ అనేవాళ్ళం. రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్న మనిషి, నెమ్మదిగా మాట్లాడేవారు. తనిఖీకి వెళ్తే ఆయనది ఒకటే నియమం: ముందు తలుపులు, తర్వాత టీ. టీ తాగాక పెన్ను మెత్తబడుతుందనేవారు. ప్రతి తలుపునూ చేత్తో తోసి చూడాలి, కంటితో చూసి టిక్కు పెడితే ఒప్పుకోరు.

ఆయన నేర్పిన వాటిలో నాకు బాగా నచ్చింది గంతల ఆట. ఆట అని నేనంటాను, ఆయన వింటే కోప్పడతారు. కళ్ళకి తడి తువ్వాలు కట్టి, పాత టైర్లూ హోసులూ పడేసిన స్టోర్ రూములో వదిలేసేవారు. పొగ కమ్మితే కళ్ళు పనికిరావు కాబట్టి మోకాళ్ళ మీద వంగి, కుడిచెయ్యి గోడకి ఆనించి, ఆ చెయ్యి ఎత్తకుండా గోడ వెంబడే పోవాలి. గోడ ఎక్కడో ఒకచోట తలుపు దగ్గరికి చేరుస్తుంది. మొదటిసారి నేను టైర్ల గుట్ట చుట్టూ మూడు చుట్లు తిరిగి, బయటపడ్డాననుకుని తువ్వాలు విప్పితే బయలుదేరిన చోటే ఉన్నాను. "గోడ వదిలేశావమ్మా" అన్నారు సార్.

శిక్షణ అయిపోవచ్చిన రోజుల్లో, ఒక శుక్రవారం, విస్సన్నపేట రోడ్డులో ఉన్న ఒక ఫంక్షన్ హాలు తనిఖీకి వెళ్ళాం. "ఈసారి రిపోర్టు మొత్తం నీదే. ఇది చూశాకే నీ శిక్షణ పూర్తయిందో లేదో నేను సంతకం పెడతాను" అన్నారు సార్ జీపులో.

హాలు యజమాని మామిడి తోటలున్న పెద్దమనిషి. నాన్న చేత ఆ హాలు పునాది నుంచి కట్టించింది ఆయనే కాబట్టి నన్ను చిన్నప్పట్నుంచీ ఎరుగును. "ఏమ్మా మేడం గారూ, ఇంతప్పుడు చూశాను నిన్ను! కూర్చో, బాదంపాలు తెప్పిస్తా" అన్నాడు. "తలుపులు చూశాక తాగుతానండి బాబాయ్ గారూ" అన్నాను బింకంగా. మంటలార్పే సిలిండర్లు స్టేజీ అలంకరణ వెనక బందీలై ఉన్నాయి. ఇసక ఉండాల్సిన ఎర్ర బక్కెట్లలో క్రోటన్ మొక్కలు ఏపుగా పెరిగాయి. "అందంగా ఉంటాయని పెట్టానమ్మా" అన్నాడాయన. ఇవన్నీ హుషారుగా రాసుకుంటూ పోయాను.

ప్లానులో బయటికి పోయే ద్వారాలు రెండున్నాయి. ఒకటి తూర్పున ముఖద్వారం. రెండోది పడమర గోడకి, స్టేజీ పక్కన, సరిగ్గా నైరుతి మూల. ఆగ్నేయంలో వంటశాల తలుపు ఉంది గానీ, అది గ్యాసు సిలిండర్ల మధ్య నుంచి గిన్నెలు కడిగే దొడ్లోకి పోతుంది, దాన్ని లెక్కలోకి తీసుకోరు. ముఖద్వారం చూశాను. రెండోదాని కోసం స్టేజీ పక్కకి వెళ్ళాను. అక్కడ తలుపు లేదు. గోడ ఉంది. గోడ మీద నిలువెత్తు నెమలి బొమ్మ ఉంది.

వంగి చూశాను. గోడా నేలా కలిసే చోట పూత గుండ్రంగా, నున్నగా తిరిగి ఉంది. ఖాళీ సీసా అడుగుతో రుద్దితే వస్తుందది. మూలలో మట్టి నిలవకూడదని మా నాన్న ప్రతి పనిలోనూ అలా రుద్దుతాడు. మా ఇంట్లో అన్ని మూలలూ అలాగే ఉంటాయి.

"మూడేళ్ళయిందమ్మా మూయించి" అంటున్నాడు యజమాని వెనక నుంచి. "బుకింగులు తగ్గిపోతుంటే చూపిస్తే, నైరుతి తలుపు వల్లేనని తేలింది. మూశాక చూడు, ఒక్క ముహూర్తం ఖాళీ లేదు." ఎవరికి చూపించాడో ఆయన చెప్పలేదు. నేను అడగలేదు.

సార్ గోడ మీద రెండుసార్లు తట్టి చూశారు. "గురువారం ఇక్కడ పెళ్ళి ఉందటగా. బుధవారం సాయంత్రంలోపు ఈ తలుపు తెరవాలండి. లేకపోతే హాలు వాడకూడదని పైకి రాయాల్సి వస్తుంది" అని యజమానికి చెప్పి, నా వైపు తిరిగారు. "ఎందుకు మూశారు, ఎవరి సలహా మీద మూశారు, అన్నీ కనుక్కుని సోమవారానికి రాయమ్మా." తలూపాను. బాదంపాలు తాగకుండానే వచ్చేశాను.

శనివారం రాత్రి భోజనాల దగ్గర ఇక ఆపుకోలేకపోయాను.

"నాన్నా, ఆ ఫంక్షన్ హాల్లో నైరుతి తలుపు నువ్వేనా మూసింది?"

"నేనే. ఎలా మూశానో చూశావా? అక్కడ తలుపుండేదంటే ఎవరన్నా నమ్ముతారా?"

"అదే నా ఏడుపు నాన్నా! ఎవరూ నమ్మరు. అంటుకున్న రోజు కూడా నమ్మరు!"

"అంటుకోవడమేంటి, నోరు మంచిది కాదు నీది. ముందు ద్వారం చూశావా? ఏనుగు పడుతుంది."

"ఏనుగు పడుతుంది, ఎనిమిది వందల మంది ఒక్కసారి పడతారా? ఆ ముందు పందిరే అంటుకుంటే?"

అమ్మ కూర గిన్నె ఠపీమని కింద పెట్టింది. "ఈ ఊళ్ళో ఆయన మాట మీద గోడలు లేస్తున్నాయి. అది తప్పని కన్నకూతురే కాగితం మీద రాస్తే రేపు ఆయన్ని ఎవరు పిలుస్తారే?" అంది. నేనూ అదే అనుకుంటున్నాను రెండ్రోజులుగా. రాయకపోతే ఆ యూనిఫాం వేసుకునే మొహం నాకు లేదు. రాస్తే నాన్న మొహం చూడలేను.

"దాన్ని భయపెట్టకు" అని అమ్మకి చెప్పి, నాన్న నా వైపు చూశాడు. ఆయనకీ నాకూ మొండితనం సమానం. "ఆ హాలు నేను కట్టాను. కళ్ళకి గంతలు కట్టి వదిలెయ్, ఎటు నుంచైనా బయటికొస్తాను."

"కడతాను మరి."

"కట్టవే!"

"తండ్రీ కూతుళ్ళు ఇద్దరికీ ఒకటే తలకాయ పెట్టాడు దేవుడు" అంది అమ్మ.

ఆదివారం చర్చి నుంచి నేరుగా వెళ్ళాం. నాన్న ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, తెల్లప్యాంటులో ఉన్నాడు. యజమాని తాళం తీసి, వేడుక చూడటానికి కుర్చీ కూడా వేసుకున్నాడు. నేను తువ్వాలు తడిపి నాన్న కళ్ళకి కట్టి, గట్టిగా ముడేశాను. ఉత్తరం గోడ దగ్గరికి తీసుకెళ్ళి, కుడిచెయ్యి గోడకి ఆనించాను.

"మోకాళ్ళ మీద వంగు నాన్నా. పొగ పైన ఉంటుంది."

"తెల్లప్యాంటే!"

"పొగలో ప్యాంటు చూసుకుంటారా? వంగు. ముందు పందిరి అంటుకుంది, అటు పోవడానికి లేదు. వంటశాలలో సిలిండర్లున్నాయి, అటూ లేదు. ఇక రా."

వంగాడు. గోడ పట్టుకుని బయలుదేరాడు. ఆయన హుషారు చూడాలి! "ఇదిగో మొదటి కిటికీ. ఇది రెండోది, దీని కింద రాయి నాకు నచ్చలేదు, వద్దన్నా వినలేదు ఈయన. ఇది స్తంభం. ఇదిగో మూల తిరిగాను" అని చెప్పుకుంటూ పోతున్నాడు. యజమాని పగలబడి నవ్వుతున్నాడు. స్టేజీ అంచు పట్టుకుని దాటాడు. "అయిపోయిందే! ఇక రెండడుగులు, ఇదిగో తలుపు" అని చెయ్యి పైకెత్తి గొళ్ళెం ఉండాల్సిన ఎత్తులో పెట్టాడు.

ఆ చేతికి గోడ తగిలింది.

తలుపు మూసేసిన సంగతి ఆయనకి తెలియక కాదు. మూడేళ్ళ కింద మూసింది ఆ చేతులే. కానీ అంతకుముందు ఆ ద్వారబంధం ఎత్తి నిలబెట్టిందీ ఆ చేతులే, చీకట్లో వాటికి మొదట చేసిన పనే గుర్తొచ్చినట్టుంది. అరచేత్తో గోడని తట్టాడు. కొంచెం ఇటు జరిగి మళ్ళీ తట్టాడు. ఆ చెయ్యి కిందికి దిగి, సీసాతో రుద్దిన గుండ్రటి అంచు దగ్గర ఆగింది. ఆ అంచుని వేళ్ళతో అటూ ఇటూ తడిమాడు. ఇక కదల్లేదు.

నేను గెలవడానికి వచ్చిన మనిషిని. ఆయన్ని అలా నెమలి కాళ్ళ దగ్గర మోకాళ్ళ మీద చూసేసరికి ఏడుపొచ్చేసింది. గబగబా వెళ్ళి తువ్వాలు విప్పాను. నాన్న నన్ను చూడలేదు, యజమానిని చూశాడు.

"గురువారం పెళ్ళికి పిల్లలు కూడా వస్తారు కదండీ" అన్నాడు.

"పెళ్ళన్నాక పిల్లలు రారా మేస్త్రీ?"

"తలుపు రేపు తీసేస్తాను."

యజమాని కుర్చీలోంచి లేచాడు. "అదేంటయ్యా! నైరుతి తలుపు పనికిరాదని మూయించింది నువ్వే. ఇప్పుడు నువ్వే తీస్తానంటే నా బుకింగులేం కావాలి?"

నేను చట్టం చెప్పడానికి నోరు తెరిచాను. శుక్రవారం నుంచి బట్టీపట్టి ఉంచాను. నాన్న చెయ్యెత్తి నన్ను ఆపాడు.

"లోపలికొచ్చే తలుపైతే తప్పండి. ఇది బయటికి పోయే తలుపు. బయట వైపు పిడి పెట్టను, గొళ్ళెం పెట్టను. లోపల్నుంచి తోస్తేనే తెరుచుకుంటుంది, బయట్నుంచి చీమ కూడా రాలేదు. ఇక వాస్తుకి దాంతో పనేముంది? బయట్నుంచి చూస్తే అది గోడే."

యజమాని నెమలి బొమ్మని ఎగాదిగా చూశాడు. "గోడేనంటావా?" అన్నాడు. "గోడేనండి" అన్నాడు నాన్న. నవ్వు ఆపుకోలేక క్రోటన్ మొక్కల వైపు తిరిగి నిలబడ్డాను. మా శాఖ వాళ్ళు నోటీసులో రెండు పేజీలు రాసేదాన్ని నాన్న ఒక్క ముక్కలో తేల్చేశాడు.

సోమవారం పొద్దున్నే సార్ దగ్గరికి వెళ్ళి, "సార్, ఆ గోడ కట్టింది మా నాన్న. సలహా కూడా ఆయనదే" అని చెప్పేశాను.

"తెలుసమ్మా" అన్నారు.

"ఎలా సార్?"

"ఆ గోడ దగ్గర్నుంచి స్టేషన్ దాకా నువ్వు ఒక్క మాట మాట్లాడలేదు. అలాంటి రోజు నేనింతకుముందు చూడలేదు." కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "చుట్టరికం దాచకు. కాగితం మీద అదీ రాయి. తలుపు నేను వేరేగా వచ్చి చూస్తాను, నా సంతకం పక్కన పెడతాను. మిగతాదంతా నువ్వే."

నేను హాలుకి చేరేసరికి నాన్న సుత్తీ ఉలీ పట్టుకుని పనిలో ఉన్నాడు. నెమలి తోకంతా పోయింది, తల మాత్రం మిగిలింది. ఇటుకలు తీస్తుంటే ద్వారం మీద బరువు మోసే పాత లింటెల్ చెక్కుచెదరకుండా బయటపడింది. "దీన్ని కూడా అప్పుడే తీసెయ్యొచ్చు కదా?" అని అడిగాను. "ఏమోనమ్మా, తియ్యబుద్ధి కాలేదు" అన్నాడు. ఇక పాత తలుపు కోసం వెతికితే యజమాని తోటలో దొరికింది. మూడేళ్ళుగా దాని మీద మామిడికాయలు గుట్టలు పోసి ఏరుతున్నారట. కడిగి తెచ్చినా జీడి వాసన పోలేదు. బయటివైపు పిడి ఊడదీసి, లోపలివైపు తోస్తే తెరుచుకునే కమ్మీ వెల్డింగతని చేత పెట్టించాడు నాన్న.

మధ్యాహ్నం స్టేజీ మెట్ల మీద కూర్చుని రిపోర్టు రాశాను. లోపం రాశాను, చర్య రాశాను. "కారణం" అన్న చోట పెన్ను ఆగిపోయింది. నాన్న తలగుడ్డతో దుమ్ము దులుపుకుంటూ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఆగావేం?"

"ఇక్కడ ఎవరి సలహా మీద మూశారో రాయాలి నాన్నా."

"రాయి."

"నీ పేరు రాయాలి."

"అక్షరదోషాల్లేకుండా రాయి" అన్నాడు. మళ్ళీ తనే, "తీసింది ఎవరో కూడా రాస్తారా అందులో?" అని అడిగాడు. ఆ అడగడంలో పెద్దరికం ఏమీ లేదు. బడిలో మార్కులడిగినట్టు అడిగాడు.

ఆ గడి ఫారంలో లేదు. కింద ఖాళీ స్థలంలో గీత గీసి రాశాను: మూసినదీ, తిరిగి తెరిచినదీ ఈ మేస్త్రే, ఈయన నా తండ్రి. ఆయన చేత సాక్షి సంతకం పెట్టించాను. చేతికి సిమెంటు ఉందని చొక్కాకి తుడుచుకుని మరీ పెట్టాడు. పైన నా సంతకం, కింద నాన్నది. మా ఇంటిపేరు ఆ కాగితం మీద రెండుసార్లు ఉంది. బుధవారం సార్ వచ్చి తలుపు అయిదారుసార్లు తోసి చూసి, తన సంతకం పెట్టారు. నా శిక్షణ కాగితం మీద కూడా అక్కడే, స్టేజీ అంచు మీద ఆనించి పెట్టేశారు. ఆ తర్వాతే బాదంపాలు తాగాం.

గురువారం పెళ్ళికి మమ్మల్నీ పిలిచారు. భోజనాలయ్యాక నాన్న కనిపించిన ప్రతివాణ్ణీ స్టేజీ పక్కకి లాక్కెళ్ళి తలుపు చూపించడం మొదలుపెట్టాడు. "మా అమ్మాయి తీయించింది" అంటున్నాడు. చివరికి మేళగాళ్ళకి చూపిస్తూ, "ఇదిగో, ఇలా నడుంతో తోస్తే చాలు, చేతుల్లో పిల్లలున్నా పర్లేదు" అని తోసుకుంటూ తనే బయటికి వెళ్ళిపోయాడు. తలుపు వెనకాలే మూసుకుంది.

కాసేపటికి అవతల్నుంచి దబదబా బాదడం వినిపించింది.

"అమ్మాయ్! తలుపు తియ్యవే!"

నేను తలుపుకి చెవి ఆనించి, "తియ్యను నాన్నా. అటు నుంచి అది గోడే. ముందు నుంచి రా" అన్నాను.